లోర్నా చేతికెక్కిన హెల్మెట్

హార్మన్ క్రీక్ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఆ ఏడు పది ఆటలు ఆడి పదీ ఓడిపోయింది. పదో ఓటమికి కారణం లోర్నా హావర్‌క్యాంప్ అని మా ఊళ్ళో సగం మంది ఇప్పటికీ అంటారు. ఆ మాటను నేను కాదనను. కారణం ఆమే. ఆ పనిని ఏ పేరుతో పిలవాలన్న దగ్గరే వాళ్ళతో నాకు పేచీ.

లోర్నాకు యాభై మూడేళ్ళు. కాలేజీలో ట్రైనరు. అంటే ఆట నేర్పే మనిషి కాదు, ఆటగాళ్ళ ఒళ్ళు కనిపెట్టుకునే మనిషి. చీలమండలకు పట్టీలు చుడుతుంది. బెణుకులకు మంచుగడ్డలు కడుతుంది. ఇరవై రెండేళ్ళుగా ఆమె చుట్టిన పట్టీలన్నీ విప్పి పరిస్తే అయోవా రాష్ట్రం ఈ చివరి నుంచి ఆ చివరికి సరిపోతాయని కుర్రాళ్ళు వేళాకోళమాడతారు. ఆమెను వాళ్ళు "డాక్టరమ్మా" అని పిలుస్తారు. "డాక్టర్నే అయితే నీ పాదాల కంపు పీలుస్తూ ఇక్కడెందుకుంటానురా" అన్నది ఆమె ఎప్పుడూ చెప్పే జవాబు.

ఎవడి తలకైనా దెబ్బ తగిలిందని అనుమానం వస్తే ఆమె ముందుగా వాడి హెల్మెట్ తీసేసుకుంటుంది. ముఖానికి అడ్డంగా ఉండే కమ్మీల సందులోంచి చెయ్యి దూర్చి, సంతకు వెళ్ళేవాళ్ళు బుట్ట తగిలించుకున్నట్టు మోచేతికి తగిలించుకుంటుంది. హెల్మెట్ లేనివాడు మైదానంలో అడుగు పెట్టడానికి లేదు. లోర్నా చేతికి హెల్మెట్ ఎక్కిందంటే వాడికి ఆ రోజు ఆట అయిపోయినట్టేనని ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ఈ విషయంలో ట్రైనరు మాటే తుదిమాట అని నిబంధన స్పష్టంగా చెబుతుంది. కోచ్ దాన్ని తోసిపుచ్చడానికి వీల్లేదు. మంచి నిబంధన. అయితే అదే కాలేజీలో రెండో కాగితం ఒకటుంది. దాని ప్రకారం ట్రైనరు ఉద్యోగాన్ని ఏటా పొడిగించాలి, ఆమె పనితీరు మీద అభిప్రాయం కోచ్ రాయాలి. రెండు కాగితాలూ ఒకే బీరువాలో పక్కపక్కనే ఉన్నాయి. వద్దని చెప్పే అధికారం ఆమెకిచ్చారు. అలా చెప్పినందుకు ఆమెను శిక్షించే అధికారాన్ని, ఆ మాట ఎవరికి గిట్టదో అతని చేతికే ఇచ్చారు. దీన్ని పొరపాటు అనడానికి నేను చదువుకున్న న్యాయశాస్త్రం ఒప్పుకోదు. చూస్తూ చూస్తూ చేసిన ఏర్పాటు ఇది.

ఏటా ఆగస్టులో, ఆటలు మొదలయ్యే ముందు, ప్రతి ఆటగాడికీ ఒక పరీక్ష పెడతారు. అయిదు మాటలు చదివి వినిపిస్తే, కాసేపాగి వాటిని అప్పజెప్పాలి. నెలల పేర్లు చివరి నుంచి వెనక్కి చెప్పాలి. ఒంటికాలి మీద నిలబడాలి. బాగున్నప్పుడు తల ఎలా పనిచేస్తుందో రాసిపెట్టుకుంటే దెబ్బ తగిలాక పోల్చి చూసుకోవచ్చునన్నది ఉద్దేశం. దానికి విరుగుడు కుర్రాళ్ళ దగ్గర ఏనాటి నుంచో ఉంది. బట్టలు మార్చుకునే గదిలో పాతవాళ్ళు కొత్తవాళ్ళ చెవిలో వేస్తారు: "ఆగస్టులో మొద్దు, నవంబరులో ముద్దు." ముందే తక్కువ మార్కులు తెచ్చుకుని ఉంటే, తర్వాత తల అదిరినా తేడా కనబడదు. ఆటలో ఉండిపోవచ్చు.

రాయిస్ టీడెమన్ అప్పుడు మూడో ఏడు చదువుతున్నాడు. క్వార్టర్‌బ్యాక్. ప్రతి ఎత్తునూ మొదలుపెట్టేదీ, బంతి ఎవరికి విసరాలో రెప్పపాటులో తేల్చుకునేదీ వాడే. జట్టు వేసే నూట నలభై ఎత్తులూ, ఒక్కొక్క దానిలో పదకొండు మంది ఎవరెటు పరుగెత్తాలో సహా, వాడికి కంఠోపాఠం. అంతటివాడు ఆ ఆగస్టులో గొడుగు, ఇసుక, నిచ్చెన, తేనె, గంట అనే అయిదు మాటల్లో మూడే చెప్పాడు.

"నాన్నా, మళ్ళీ ఒకసారి ఆలోచించు," అంది లోర్నా.

"అంతే డాక్టరమ్మా. నా బుర్ర అంతవరకే. కావాలంటే మా నాన్ననడుగు, పుట్టినప్పట్నించీ ఇంతేనంటాడు."

చెబుతూ వాడు పైకప్పు వంక చూశాడు. తలుపు దగ్గర కోచ్ గేరీ స్ట్రౌబ్ ఈల తాడును వేలికి చుడుతూ, విప్పుతూ నిలబడి ఉన్నాడు. "అయిందా లోర్నా? ఎండ నెత్తికెక్కుతోంది, వాణ్ణి వదులు," అన్నాడు. క్వార్టర్‌బ్యాక్ పని సరిగా తెలిసినవాడు జట్టులో ఇంకొకడు లేడు. లోర్నా "మూడు" అని వేసి సంతకం పెట్టింది. ఈ తప్పు ఆమెది. ఆమె ఏనాడూ దాచలేదు, నేనూ దాచను.

సెప్టెంబరులో నాలుగో ఆట నుంచి తిరిగి వస్తూ రాయిస్ బస్సు వెనక్కి వెళ్ళి వాంతి చేసుకున్నాడు. పెట్రోలు బంకులో కొన్న గుడ్డు శాండ్‌విచ్ పడలేదన్నాడు. లోర్నా "కడుపు" అని రాసుకుంది. ఇది రెండోది.

ఆటలు ఓడుతూనే ఉన్నాయి. ఒకసారి నలభై పాయింట్ల తేడాతో, ఒకసారి ఆఖరి నిమిషంలో ఒక్క పాయింటుతో. మెయిన్ వీధి హోటల్లో, జట్టు గెలిచిన వారం సోమవారం నాడు అందరికీ కాఫీ ఉచితం. "ఈ ఏడు కాఫీ పొడి బాగా మిగిలిందమ్మా," అనేది హోటలావిడ నవ్వకుండా. తొమ్మిదో ఆట కూడా పోయాక ఆ మాట అనడం మానేసింది.

పదో ఆట సొంత మైదానంలో, నవంబరు శనివారం మధ్యాహ్నం. కోసేసిన మొక్కజొన్న చేల మీదుగా గాలి వీస్తోంది. జనం రెండు వందలకు మించరు. వాళ్ళలో నేనూ ఉన్నాను. ఇంకా ఆరు నిమిషాల ఆట ఉంది. మనవాళ్ళు నాలుగే పాయింట్లు వెనకబడ్డారు. బంతి మన చేతిలో ఉంది. ఒక్క టచ్‌డౌన్ చేస్తే, అంటే బంతిని అవతలి గీత దాటిస్తే, ఆరు పాయింట్లు, గెలుపే. రెండు వందల మందీ లేచి నిలబడ్డారు.

అంతలో రాయిస్‌ను ఇద్దరు ఒకేసారి గుద్ది పడేశారు. వాడు వెంటనే లేచాడు, చప్పట్లు కూడా కొట్టాడు. బాగానే ఉన్నాడనుకున్నాం. లోర్నా మాత్రం వాడి వేళ్ళ వంక చూసింది. గడ్డం కింద హెల్మెట్ పట్టీ పెట్టే ఉంది. వాడు దాన్ని పెట్టడానికి ప్రయత్నిస్తున్నాడు, ఒకసారి కాదు, నాలుగుసార్లు. ఆమె రెఫరీలకు సైగ చేసి ఆట ఆపించింది. వాణ్ణి బయటకు తీసుకొచ్చి బల్ల మీద కూర్చోబెట్టింది. హెల్మెట్ ఆమె చేతికెక్కింది.

ఈసారి మాటలు వేరు: దుప్పటి, కొడవలి, పిల్లి, నాణెం, వాన.

"దుప్పటి," అన్నాడు రాయిస్. "పిల్లి. వాన." ఆగాడు. కళ్ళు మూసుకున్నాడు. "నిచ్చెన."

నిచ్చెన ఆ రోజు మాటల్లో లేదు. లోర్నా సంచిలోంచి ఆగస్టు కాగితం తీసి చూసింది. అక్కడుంది. వాడు గుర్తులేదన్న రెండింటిలో అదొకటి.

కోచ్ పరుగున వచ్చి ఆమె భుజం మీంచి కాగితంలోకి తొంగిచూశాడు.

"ఎన్ని చెప్పాడు?"

"మూడు."

"ఆగస్టులో?"

"మూడే."

"మరింకేం! వాడి తల వాడికున్నట్టే ఉంది. హెల్మెట్ ఇటివ్వు."

"ఆగస్టులో అబద్ధం చెప్పాడు గేరీ. అప్పుడు దాచుకున్న మాట ఇప్పుడు నోరు జారింది."

"కింద సంతకం ఎవరిది?"

"నాదే."

"అబద్ధమని తెలిసి ఎందుకు పెట్టావ్ మరి?"

"నీ మొహం చూసి పెట్టాను. ఇవాళ వాడి మొహం చూస్తున్నాను."

గేరీ చెడ్డవాడు కాదు. ఈ మాట కోపంతోనే రాస్తున్నాను, కాని రాయక తప్పదు. అతని నాలుగేళ్ళ ఒప్పందం ఆ ఆటతో ముగుస్తోంది. అతని గొంతు ఒక్కసారిగా దిగిపోయింది. "లోర్నా, ఒక్కటి. ఒక్కటంటే ఒక్కటి గెలవనీ. ఈ పిల్లల కోసమైనా."

"నే బానే ఉన్నా డాక్టరమ్మా!" అంటూ రాయిస్ లేవబోయి, బల్ల అంచు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. "ఆఖరి ఆట. ప్లీజ్."

కంచె అవతల నుంచి ఇంకో గొంతు. రాయిస్ తండ్రి వేన్. ఊరి బయట పందుల ఫారం నడుపుతాడు, లోర్నాతో కలిసి చదువుకున్నవాడు. "ఏంటే లోర్నా నీ చాదస్తం! వాడు లేచి నిలబడ్డాడు కదా! వెళ్ళనీ!"

లోర్నా కంచె దాకా వెళ్ళింది. జనం అరుపుల్లోనూ ఆమె మాట మా వరుస దాకా వినిపించింది.

"వేన్, పక్కకు ఒరుగుతూ నడిచే పందిని నువ్వు లారీ ఎక్కిస్తావా?"

వేన్ టోపీ సర్దుకున్నాడు.

"అడుగుతున్నా. ఎక్కిస్తావా?"

"...ఎక్కించను."

"మరి వీణ్ణెందుకు ఎక్కించమంటున్నావ్?"

వేన్ కొడుకు వంక చూశాడు. వాడి చెయ్యి ఇంకా బల్ల అంచునే పట్టుకుని ఉంది. వేన్ టోపీ తీసి కంచె మీద పెట్టి, తల వంచుకున్నాడు.

జట్టు దగ్గర అదనపు హెల్మెట్లు ఉంచే పెట్టె ఒకటుంది. కోచ్ చూపు దాని మీదకు పోవడం లోర్నా గమనించింది. వెళ్ళి ఆ పెట్టె మీద కూర్చుంది. మోచేతికి రాయిస్ హెల్మెట్, పక్కన రాయిస్. మిగిలిన ఆరు నిమిషాలూ అక్కడినుంచి కదల్లేదు. "లేవవే ముసలిదానా!" అని ఎవరో అరిచారు. ఎప్పుడూ బంతి పట్టుకునే కుర్రాడొకడు క్వార్టర్‌బ్యాక్ స్థానంలో నిలబడి, తనకు చేతనైనట్టు విసిరాడు. గీతకు పదకొండు గజాల దూరంలో ఆట ముగిసింది. నాలుగు పాయింట్ల తేడాతో ఓడిపోయాం.

ఆ సాయంత్రం జిల్లా ఆసుపత్రిలో రాయిస్ ఆట ఎవరు గెలిచారని తండ్రిని మూడుసార్లు అడిగాడట. మెదడు అదిరిందనీ, సెప్టెంబరులోనూ ఇలాంటిదే జరిగి ఉండవచ్చుననీ, ఏడాది పాటు ఆట తలపెట్టవద్దనీ డాక్టర్లు చెప్పారు.

మర్నాడే గేరీ ఆమె మీద అభిప్రాయం రాసి పంపాడు: "జట్టు స్ఫూర్తి లేదు. కాగితం మీద ఆధారం లేకుండా అధికారం వాడారు." మంగళవారం కాలేజీ అతన్నే తీసేసింది. బుధవారం అతను భార్య చేసిన బంగాళాదుంపల వంటకం పళ్ళెంతో లోర్నా గుమ్మంలో నిలబడ్డాడు.

"నేను రాసింది వెనక్కి తీసుకుంటానన్నాను. నేనిప్పుడు ఉద్యోగిని కానట. తీసుకోడానికి వీల్లేదన్నారు."

"లోపలికి రా, చల్లారిపోతుంది," అంది లోర్నా.

ఉద్యోగం పొడిగించడం లేదన్న ఉత్తరం మార్చిలో వచ్చింది. లోర్నా దాన్ని న్యాయవాదినైన నా దగ్గరకు తెచ్చింది. అప్పీలు వేశాం. ఫలితం ముందే చెబుతాను: ఆమె ఇవాళ అదే గదిలో పట్టీలు చుడుతోంది. నిబంధన మారలేదు, బీరువాలో రెండు కాగితాలూ అలాగే ఉన్నాయి. కనక దీన్ని విజయమని నేను రాయను.

విచారణ గ్రంథాలయం పై అంతస్తులో, అధ్యక్షురాలితో కలిపి ముగ్గురు సభ్యుల ముందు జరిగింది. కాలేజీ తరపు న్యాయవాది వాదన బిగువైనదని ఒప్పుకోవాలి. ఆగస్టులో మూడు, నవంబరులో మూడు. ఆటగాడు అబద్ధం చెప్పాడనడానికి లోర్నా మాట తప్ప సాక్ష్యం లేదు. వాంతి సంగతి ఆమె స్వయంగా కడుపు నొప్పి కింద రాసుకుంది. ఆసుపత్రి నివేదిక ఆట తర్వాతిది. ఆ క్షణాన ఆమె చేతిలో ఉన్న కాగితం మాత్రం ఆడవచ్చుననే అంటోంది.

సాక్ష్యం ఒక్క రాయిస్ దగ్గరే ఉంది. రమ్మని నేను అడుగుతానన్నాను. లోర్నా వద్దంది. పరీక్షలో నిజాయితీగా జవాబులిచ్చానని ఆగస్టు కాగితం అడుగున వాడి సంతకం కూడా ఉంది. అబద్ధమని ఒప్పుకుంటే జట్టులో చోటు, దానితోపాటు చదువుకు వచ్చే సాయం పోతాయి. "వాడి తల కాపాడి వాడి చదువు తీసుకుంటానా? వద్దు," అంది. నేను పోట్లాడాను. ఆమె వినలేదు.

అయినా వాడు వచ్చాడు. తలుపు తెరుచుకుంది. ముందు వేన్, చేతిలో టోపీ. వెనక రాయిస్.

"నన్నెవరూ పిలవలేదు. ఒక మాట చెప్పి పోతా," అన్నాడు రాయిస్. అధ్యక్షురాలు తల ఊపింది. వాడు పైకప్పు వంక చూడలేదు. లోర్నా వంక చూశాడు.

"గొడుగు. ఇసుక. నిచ్చెన. తేనె. గంట."

అధ్యక్షురాలు బల్ల మీది ఆగస్టు కాగితం వంక చూసింది.

"ఆ రోజు కూడా అయిదూ వచ్చు. ఏ రెండు మింగాలో ముందే చూసుకున్నా. మొదటిదీ ఆఖరిదీ వదిలేస్తే అనుమానం వస్తుందని మధ్యవి వదిలేశా. సారీ డాక్టరమ్మా."

"డాక్టర్నే అయితే..." అని మొదలుపెట్టిన లోర్నా పూర్తి చెయ్యలేకపోయింది. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. తర్వాత బల్ల మీద ఉన్న ఆగస్టు కాగితాన్ని తన వైపు లాక్కుంది. కలం తీసి మూడును అడ్డంగా కొట్టేసింది. పైన అయిదు అని వేసింది. పక్కన ఆనాటి తేదీ వేసి సంతకం పెట్టింది.

విచారణలో దాఖలైన కాగితం మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. ఆమె తరపు న్యాయవాదిగా ఆపవలసిన బాధ్యత నాది. నేను ఆపలేదు.