నవ్వలేని ఎసెన్‌కుల్

జుమ్‌గల్ లోయలో గుర్రాలకు నాడాలు కొట్టే ఎసెన్‌కుల్‌కు వేళాకోళం ఎక్కువ. టీకాల నర్సు పశువుల్ని మేపే కొండకు వస్తే, "గుర్రానికి పొడువమ్మా, నాకెందుకు!" అని పంపేశాడు. తర్వాత నాడా మేకు అరికాల్లో దిగింది. ఆ లోయలో అందరిలాగే కాల్చిన కంబళి బూడిద గాయంలో కూరి, అది మూసుకుందని మురిశాడు.

కొన్నాళ్లకు దవడ బిగుసుకుంది. భార్య బర్చిన్ టీ గిన్నె అందిస్తూ, "మళ్లీ అలిగావా, ముసలోడా?" అంది. అలక కాదని చెప్పడానికి నోరు తెరుచుకోలేదు.

ఇప్పుడతను, వెలుతురు తగిలినా ఈడ్పులొస్తాయని చీకటి చేసిన ఆసుపత్రి గదిలో విల్లులా వంగి పడున్నాడు. చెవులకు మాత్రం అన్నీ వినిపిస్తున్నాయి.

"మూసుకున్న గాయంలోనే ధనుర్వాతం క్రిమి పెరిగింది పిన్నీ. నరాల్లోకెక్కిన విషాన్ని మందు విడిపించలేదు, మిగతాదాన్నే ఆపుతుంది," అంటోంది అదే నర్సు తలుపు దగ్గర బర్చిన్‌తో.

"అయితే ముందు నాకు ఆ టీకా పొడువు. గుర్రం కన్నా నాకే తెలివుందని వాడికి తెలియాలి!"

ఎసెన్‌కుల్‌కు నవ్వొచ్చింది. ఆ మాత్రానికే వెన్ను మళ్లీ విరుచుకుంది.