పొలిమేర అవతల నర్సమ్మ

మా జిల్లా చిన్నది. పటం మీద దాని గీత గీసి ఎన్నో ఏళ్లు కాలేదు. జిల్లా కొత్తదయ్యాక ఊరూరా తమ చరిత్ర తామే రాసుకోవాలన్న ఉబలాటం పుట్టింది. మా ఊరి యువకులు ఆ పని నా మీద పెట్టారు. దంతాలపల్లి దాటాక వచ్చే పల్లెకు చరిత్రేమిటని నవ్వినవాళ్లున్నారు. నేను నవ్వలేదు. రాజులు ఏలిన చోటే చరిత్ర ఉంటుందనుకోవడం బానిసబుద్ధి అని బతుకంతా సభల్లో అరిచినవాణ్ణి.

చిక్కు ‘ఊరి ప్రముఖులు’ అన్న అధ్యాయం దగ్గర మొదలైంది. కొందరు పాత పటేలును రాయమన్నారు, కొందరు గుడికి గోపురం కట్టించిన కాంట్రాక్టరును. నేను మొదటి పుట నర్సమ్మకిచ్చాను. ఎవరు లేకపోతే ఊరు ఇలా ఉండేది కాదో వాళ్లే ప్రముఖులు. నా దగ్గరున్న కొలత అదొక్కటే.

ఆమె గోదావరి వైపు మనిషి. భర్త పోయాక, వయసులో ఉండగానే, సర్కారు నర్సు ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చింది. వాగు పొంగినా దాటి వచ్చి కాన్పులు చేసింది. రిటైరయ్యాక కూడా అద్దె ఇంట్లో ఇక్కడే ఉండిపోయింది. మాట మాత్రం మారలేదు. “జర తెలుగుల మాట్లాడు నర్సమ్మా,” అని ఆడవాళ్లు ఎగతాళి చేస్తే, “మీరు ముద్దుగా పిలిచినా దెబ్బలాడినట్టే ఉంటుంది, నేనేమైనా అన్నానా?” అనేది.

ఊరి నడుమ, ఊరిని కాస్తుందని నమ్మే బొడ్రాయిని కొత్తగా పాతాలనీ, ఆ పండుగనాడే పుస్తకం విడుదల చేయాలనీ పెద్దలు నిర్ణయించారు. రాయి పాతే పూట పొలిమేర మూసేస్తారు. ఊరివాళ్లు దాటి పోకూడదు, పరాయివాళ్లు లోపల ఉండకూడదు. ఇక్కడ పుట్టినవాళ్లు, ఇక్కడి కోడళ్లు, పెళ్లయి పోయిన ఆడబిడ్డలు ఊరివాళ్లు. నర్సమ్మ ఈ మూడింటిలో దేనికీ చెందదు. కాబట్టి ఆ పూట దంతాలపల్లిలో ఉండి రావాలన్నారు.

పంచాయతీ ఆఫీసులో కూర్చున్న పెద్దల ముందు నేను లేచాను. రాయికి శక్తి ఉందనడం ఎంత అవివేకమో చెబుతుంటే, ఎరువుల దుకాణం సేటు నన్ను ఆపాడు.

“రాయిల ఏం లేదంటివి గద సారూ. మరి ఆ రాయి కాడ నర్సమ్మ ఉంటేంది, లేకుంటేంది?”

అందరూ నవ్వారు. మంచి దెబ్బే కొట్టాడు.

“రాయి పొమ్మంటలేదు సేటూ, మీరు పొమ్మంటున్నరు,” అన్నాను. “మనిషికి తగిలేది అదే.”

అప్పుడు దర్జీ లేచాడు. ఆయన తాత ఎక్కడినుంచో బతకవచ్చి ఇక్కడ స్థిరపడ్డ ముస్లిం. “నేను ఈడ పుట్టిన గనుక ఉండొచ్చు. బాగనే ఉన్నది. మరి నన్ను ఈడ పుట్టించినామె పోవాల్నా?”

ఎవరూ నవ్వలేదు. సర్పంచే దారి చెప్పాడు. “ఆమెకు ఒడిబియ్యం పోద్దాం. ఊరి ఆడబిడ్డ అయితది. ఇగ ఎవడేమంటడు?”

పుట్టింటివాళ్లు కూతురి ఒడిలో పసుపు కలిపిన బియ్యం పోయడం మా దగ్గర పెద్ద మర్యాద. ఆచారాన్ని ఆచారంతోనే జయించామని నేనూ సంబరపడ్డాను. ఆ గదిలో ఒక్క ఆడమనిషి లేదు. ఉండి ఉంటే అప్పుడే చెప్పేది.

మరునాడు పొద్దున నర్సమ్మ వాకిట్లో నేనుండగానే సర్పంచు తల్లి నలుగురు ఆడవాళ్లతో వచ్చింది. తాంబాళంలో బియ్యం, చీర, రవికెగుడ్డ. నర్సమ్మ తల దువ్వుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని పీట మీద కూర్చుని ఉంది. కొంగు పట్టింది కూడా. ముసలమ్మ బియ్యంలో చెయ్యి పెట్టి ఆగిపోయింది.

“ముత్తైదువకే పోస్తరు గదనే ఒడిబియ్యం,” అంది పక్కామెతో, మెల్లగా. వాకిలి చిన్నది. అందరికీ వినబడింది.

“పొయ్యవ్వా! ఏమైతది?” అని కేకేశాను.

“నాకేం కాదు సారూ. నా మనవరాలు కడుపుతోటి ఉన్నది.” ఆమె కళ్లలో నీళ్లు. “ఈమెను కాదంటున్ననా? నా కొడుకును తీసింది ఈ చేతులే.”

ఆ చేతులు పట్టిన కొంగును వదిలేశాయి. “ఊరుకోండి అక్కా, పర్లేదు,” అంది నర్సమ్మ. “ఆ పిల్లకి రక్తం తక్కువగా ఉంది. మాత్రలు ఇచ్చాను, మింగడం లేదట. దగ్గరుండి మింగించండి.”

బియ్యం పళ్లెంతోనే వెనక్కి పోయాయి. చీర ఉంచుకొమ్మంటే ఆమె తీసుకోలేదు. మధ్యాహ్నం ఆటోలో దంతాలపల్లికి వెళ్లిపోయింది. పండుగ ఘనంగా జరిగింది. పుస్తకం విడుదలైంది. మొదటి పుట చూసి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నిజమైనవే. అబద్ధమైతే నాకింత బాధ ఉండేది కాదు, తిట్టి ఊరుకునేవాణ్ణి.

ఆమె మళ్లీ రాలేదు. మరిపెడలో గది తీసుకుందని తెలిసి, పుస్తకం పట్టుకుని వెళ్లాను. తన పుట చదువుకుంది. ఫోటో బాగుందంది. చాయ్ పెట్టింది.

“అందరూ రమ్మంటున్నారు,” అన్నాను. “సర్పంచు కారు పంపుతానన్నాడు.”

“వాళ్లు మంచివాళ్లే మాస్టారూ. నాకు తెలీదా?” అంది. “కానీ మళ్లీ ఎప్పుడో పొలిమేర మూస్తారు. అప్పటికి నాకు ఆటో ఎక్కే ఓపిక ఉంటుందో లేదో. అప్పుడెక్కడికి పోను?”

  ఆమె కప్పులు తీసుకుని లోపలికి వెళ్లి కడగడం మొదలుపెట్టింది. నేను చెప్పులు వేసుకున్నాను.