గుంట మగ్గంలో నెత్తురు దొర

ఆరేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. ఇప్పుడు కూడా రాయకపోతే, నేను రాసిన ఒక అబద్ధమే నిజంగా నిలిచిపోతుంది. అందుకే ఇది రాసిపెడుతున్నాను.

ఎమ్మిగనూరు చేనేత కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక పేరా ఇప్పటికీ తిరుగుతూ ఉంటుంది. మగ్గాన్ని ఎగతాళి చేసిన ఒక అమ్మాయిని మందలించే పేరా. కింద "చేనేత బిడ్డ" అని సంతకం. పోయిన నెల మా చిన్నమ్మ దాన్ని నాకే పంపింది. "ఎంత బాగా రాసినారో సూడు, నువ్వూ ఉన్నావు, ఎన్ని పుస్తకాలు సదివి ఏం లాభం" అని. ఆ చేనేత బిడ్డ ఎవరో మా వాళ్ళెవరికీ తెలియదు. నాకు తెలుసు. నేనే.

ఇంకొక మాట ఉంది. ఆ అమ్మాయికి మగ్గం మీద ఆ హాస్యం చెప్పింది కూడా నేనే. ఈ రెండో మాట కాగితం మీద పెట్టడానికి మొదటిదానికన్నా ఎక్కువ రోజులు పట్టింది.

నేను ఏడో తరగతితో బడి మానేశాను. ఇంట్లో మగ్గానికి నూలు కండెలు చుట్టేదాన్ని. పని అయ్యాక గ్రంథాలయానికి పోయేదాన్ని. కథలు, చరిత్ర, విజ్ఞాన సర్వస్వాలు, ఏది దొరికితే అది చదివాను. అర్థం కాని మాటకు నిఘంటువు తీసేదాన్ని. ఎవరూ చెప్పకుండా చదువుకున్నానని నాకు గర్వం. ఇప్పుడు కూడా ఉంది, దాచను. తర్వాత ఆదోనిలో ఒక బట్టల అంగట్లో పని దొరికింది. రోజూ బస్సులో పోయి వచ్చేదాన్ని. అక్కడ పరిచయమైంది ఎస్తేరు.

ఎస్తేరుది పెద్దకడుబూరు. వాళ్ళ ఇంట్లో అందరూ పత్తి చేలల్లో కూలికి పోయేవాళ్ళు. నాకన్నా ఎనిమిదేళ్ళు చిన్నది. ఏ గొంతునైనా పట్టేసేది. చీర బేరం చేసే అవ్వ, కోపంగా ఉన్న ఓనరు, బస్సు కండక్టరు, అందరూ ఆమె గొంతులో ఉండేవాళ్ళు. అన్నం తినేటప్పుడు ఆమె ఫోనులో ఒక జపాన్ యానిమే, అంటే బొమ్మల సీరియల్, చూసేవాళ్ళం. తెల్లటి ముఖంతో, నల్లటి అంగీ వేసుకున్న వాంపైర్ దొర కథ. చచ్చి లేచినవాడు, మనుషుల రక్తం తాగి బతుకుతాడు, పిలవనిదే ఎవరి ఇంట్లోకీ అడుగు పెట్టలేడు, ఎండ తగిలితే బూడిదవుతాడు, వెల్లుల్లి అసలు పడదు. ఎస్తేరుకు ఆ దొరంటే ప్రాణం. అందుకే అంత బాగా వెక్కిరించగలిగింది.

ఆమె తానే ఫోనులో బొమ్మలు గీసి, మన మాటలు పెట్టి, "నెత్తురు దొర" అని యూట్యూబులో పెట్టింది. మొదటి భాగంలో దొర ఆదోనిలో ఒక వాకిట నిలబడతాడు. పిలవకపోతే లోపలికి రాలేనే అని దిగులుగా చూస్తుంటాడు. లోపలి నుంచి అవ్వ కేకేస్తుంది: "వాకిట్ల నిలబడుకున్నావేమప్పా? లోపలికి రా. ఉగ్గాని తిని పో." దొర బిత్తరపోతాడు. వందల ఏళ్ళలో ఇంత సులభంగా ఎవరూ పిలవలేదు. ఆ బొరుగుల ఉగ్గానిలో వెల్లుల్లి కారం ఉంటుంది. అంతే, దొర పని అయిపోతుంది.

కింద వచ్చిన కామెంట్లు మేమిద్దరం కలిసి చదివేవాళ్ళం. అసలు యానిమే అభిమానులు కొందరు మండిపడ్డారు: "మా దొరకు ఉగ్గాని పెడతావా, నీకు నరకమే." ఇంకొకడు: "నరకం వద్దులే, మాకూ ఒక ప్లేటు పెట్టు." ఒకామె: "మా అవ్వ కూడా ఇంతే, దొంగొచ్చినా కూచోమంటాది." కోసిగి నుంచి బెంగళూరు పనికి పోయిన వీరేశు అనే ఆయన రాశాడు: "పని కాడ పదిమందిమి ఒక్క ఫోను సుట్టూ కూచోని చూసినాం. మన మాట ఇని శానా దినాలాయ." అది ఎస్తేరు నా చేత మళ్ళీ మళ్ళీ చదివించుకుంది.

రెండో భాగానికి నన్ను సాయం అడిగింది. పగలు దొర ఎక్కడ దాక్కోవాలి? ఇక్కడ ఎండకు మనమే తాళలేం. నాకు మా నాయన గుర్తొచ్చాడు. మాది గుంట మగ్గం. నేలలో గుంట తీసి, అందులో కాళ్ళు పెట్టి కూర్చుని నేస్తారు. ఎండాకాలం మధ్యాహ్నాలు నాయన ఆ గుంటలోకి జారి, చల్లగా కునుకు తీసేవాడు. అమ్మ తిట్టేది, తర్వాత నవ్వేది. "దొరను మగ్గం గుంటలో పడుకోబెట్టు" అన్నాను. ఎస్తేరు నవ్వి నవ్వి నీళ్ళ సీసా పడేసింది.

నేను ఎనిమిది పేజీలు రాసిచ్చాను. అందులో మూడు పేజీలు రక్తపిశాచుల పుట్టుపూర్వోత్తరాలు. ఏ దేశంలో వాటిని ఏమంటారు, మన బేతాళుడికీ వాటికీ తేడా ఏమిటి, ఇవన్నీ. ఆమె అందులో నాలుగు వాక్యాలు ఉంచి మిగతావి తీసేసింది. హాస్యం మాత్రం అంతా ఉంచింది. వీడియో వచ్చింది. జనం విరగబడి నవ్వారు. ఒకడు రాశాడు: "నడిమిట్ల ఆ పాఠం రాసిందెవురప్పా? నిద్రొచ్చె." దాని కింద ఎస్తేరు జవాబు: "నాకూ వచ్చెలే అన్నా."

అది చూసి నాకు ఒళ్ళు మండింది. అందుకే ఆ పని చేశాను.

ఇక్కడి దాకా రాసి రెండు రోజులు ఆగాను. ఇది పూర్తి నిజం కాదు. మీ దగ్గర కూడా సగం దాచుకుంటే ఈ రాత ఎందుకు? అదే వీడియో కింద ఇంకొక కామెంటు వచ్చింది. హైదరాబాదులో డబ్బింగు పని చేయించే ఒకామె, "ఈ గొంతు ఎవరిది? ఒకసారి మాట్లాడాలి. మీ గురించి రాసి పంపండి" అంది. ఎస్తేరు ఫోను పట్టుకుని నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. "అక్కా, నువ్వు రాసిపెట్టు. నీకు మాటలు బాగొస్తాయి. నేను రాస్తే కామెడీ అనుకుంటారు." రేపు రాస్తానన్నాను.

ఆ గొంతు ఎవరిది అని అడిగారు. ఆ మాటలు ఎవరివి అని ఎవరూ అడగలేదు. ఇన్నేళ్ళ చదువు నాది, పిలుపు ఆమెకా? అప్పుడు అలా అనుకున్నానా, ఇప్పుడు అనుకుంటున్నానా? అప్పుడే అనుకున్నాను.

మరుసటి రోజు సెలవు. గ్రంథాలయంలో కూర్చున్నాను. ఎస్తేరు అడిగిన ఉత్తరం రాయలేదు. నిఘంటువు పక్కన పెట్టుకుని, దొంగ పేరుతో, ఆ పేరా రాశాను. గుంటలో దిగే ముందు మగ్గాన్ని తాకి కళ్ళకద్దుకుంటామని, అది మాకు గర్భగుడి అని, అందులో ఈమె ఒక శవాన్ని పడుకోబెట్టిందని. 'శవం' అన్న మాట దగ్గర ఆగాను. ఎవరి గుండెలో ఎంత లోతుకు దిగుతుందో మగ్గం ఇంట్లో పుట్టినదానికి తెలియదా? తెలిసే ఉంచాను. చదువుకోని మనిషైతే కోపంతో నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేది, వాటిని ఎవరూ పట్టించుకునేవారు కాదు. నా చదువు వల్లనే ఆ పేరా అంత అందంగా వచ్చింది, అందంగా వచ్చింది కాబట్టే, వీడియో కింద పెట్టగానే మా వాళ్ళ గ్రూపుల్లో చేతులు మారింది.

నాలుగు రోజులకు, ఆ వీడియో ఎవరిదో ఆరా తీసి, మా వాళ్ళు ముగ్గురు అంగడికి వచ్చారు. ఒకాయన మా పెదనాయన. ఓనరు ఎస్తేరును పిలిచాడు. నేను పక్క బల్ల దగ్గర చీరలు మడుస్తున్నాను.

"ఏం పాపా, మగ్గం ఎప్పుడన్నా చూసినావా?" అన్నాడు పెదనాయన.

"లేదు పెద్దాయనా."

"సూడకుండానే గుంటలో శవాన్ని పండబెట్టినావా?"

"శవం కాదు పెద్దాయనా. దొర. ఎండకు తాళలేక దిగినాడు, అంతే."

అంగట్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఓనరు ముఖం ఎర్రబడింది.

"గుంట సల్లగా ఉంటాదని నీకెవురు సెప్పినారు?"

చీర మడత తప్పింది. మళ్ళీ విప్పి మడిచాను. ఒక్క మాట చాలు. 'నేనే పెదనాయనా. మా నాయన పండుకునేది నీకు తెలీదా?' అంటే ఆయనే నవ్వేవాడేమో. ఎందుకంటే ఆయనా ఆ గుంటలో పడుకున్నవాడే.

"ఎవురూ సెప్పలే. నేనే అనుకుంటి" అంది ఎస్తేరు. నా వైపు చూడనైనా చూడలేదు.

అక్కడే అందరి ముందు ఆ వీడియో తీసేయించారు. దానితో పాటు హైదరాబాదు ఆమె పెట్టిన కామెంటూ పోయింది. ఆమె పేరు మేమిద్దరం రాసిపెట్టుకోలేదు. అంగడికి చెడ్డ పేరు వస్తుందని ఓనరు ఎస్తేరును రేపటి నుంచి రావద్దన్నాడు.

వెనక గదిలో అన్నం డబ్బా సర్దుకుంటూ నాతో అంది: "నీ పేరు సెప్పలేదక్కా. మీ పెదనాయనంట కదా. ఇంట్లో నీకు మాటొస్తాది."

"మంచిది" అన్నాను.

"ఆ చేనేత బిడ్డ ఎవురో గానీ శానా సదివినాడక్కా. నాకు సగం అర్థం కాలే. తిట్టించుకునేకి కూడా నీ డిక్షనరీ కావల్ల."

ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. ఆరేళ్ళలో నన్ను ఎక్కువగా తొలిచింది ఆ పేరా కాదు. ఆ నవ్వు.

ఎస్తేరు మళ్ళీ వీడియో చేయలేదు. వాళ్ళ వాళ్ళతో బెంగళూరు పనికి పోయింది. మొదటి భాగం ఇంకా ఉంది. దాని కింద ఇప్పటికీ జనం అడుగుతుంటారు: "దొర యాడికి పోయినాడప్పా?" "మల్ల ఎప్పుడొస్తాడు?" నేను చదువుతాను. జవాబు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

ఆమెను క్షమించమని అడుగుదామా అని ఎన్నోసార్లు అనుకున్నాను. అడిగితే తప్పకుండా క్షమిస్తుంది. అది నాకు తెలుసు కాబట్టే అడగలేను. ఒకసారి నా కోసం ఒక మాట అని పని పోగొట్టుకుంది. మళ్ళీ ఆమె చేతనే నా కోసం ఇంకొక మాట అనిపించుకోవాలా? కానీ ఎవరు రాశారో ఆమెకు తెలియాలి. అందుకే మొదట ఆమెకు పంపుతాను, జవాబు అడగకుండా. తర్వాత ఆ పేరా తిరిగిన గ్రూపులన్నిటికీ, అదే సంతకంతో. నా పేరు ఇందులో రాయలేదు. అంత ధైర్యం రాలేదు. కానీ పెదనాయన చదివితే నేనెవరో క్షణంలో తెలుస్తుంది. తెలియనీ. చెప్పేశాను. గుండెలో కొంచెం గాలి ఆడుతోంది, అంతవరకే.

నేను చదివిన పుస్తకాల్లో సాయం చేసినవాళ్ళ పేర్లు చివర రాస్తారు. నేనూ రాస్తాను. ఏమిటి రాస్తున్నావని అడగకుండా కిటికీ పక్క బల్ల ఇచ్చిన గ్రంథాలయం రంగన్నకు. తన ఫోనులో దాచుకున్న రెండో భాగాన్ని, అడగగానే పంపిన కోసిగి వీరేశుకు. ఎస్తేరు నంబరు వెతికి ఇచ్చిన, అంగట్లో మాతో పనిచేసిన షాహీన్‌కు. ఇదంతా నేను చదువుతుంటే నేస్తున్న చేతిలో నాడె ఆపి విని, "ఆ పాప తింటాందా, లేదా? అది కనుక్కో ముందు" అన్న మా అమ్మ నాగలక్ష్మికి.

ఎస్తేరుకు. ఆ రోజు అంగట్లో నా పేరు చెప్పనందుకు.