మేడం వేయాల్సిన చింతగింజ

మా పాప థెరపీ మేడం పోయారన్న కబురు మంగళవారం పొద్దున ఫోన్‌లో వచ్చింది. గుండెపోటట. దవాఖానాకు తీసుకుపోయేలోపే అయిపోయిందట. మంగళవారం మాకు థెరపీ రోజు. పదేళ్ల మా పాప అప్పటికే చెప్పులేసుకుని గడపలో నిలబడి ఉంది. నేను ఫోన్ పెట్టేసి, మొహమంతా నవ్వు పులుముకుని, "ఇయ్యాల మేడం రాదు బిడ్డా" అన్నాను. ఆ నవ్వు చూసి ఉంటే ఆవిడ నన్ను బాగానే తిట్టేవారు.

ఆవిడది కారేపల్లి. వారానికోసారి బస్సులు మారి అశ్వారావుపేట వచ్చి, ఒక కిరాయి గదిలో చాప మీద అయిదారుగురు పిల్లలతో కూర్చునేవారు. ఎదుటివాళ్ల మొహంలో ఏముందో పోల్చుకోలేని పిల్లలు వాళ్లు. మా పాప మాటలు గడగడా మాట్లాడేది. నేను ఏడుస్తుంటే మాత్రం పక్కనే కూర్చుని రోడ్డు మీద పోయే ట్రాక్టర్లు చూసుకునేది. "దీనికి మనసు లేదు" అనేది మా అత్తగారు. పైకి కసురుకునేదాన్ని గానీ ఆ భయం నాకూ ఉండేది.

మొదట్లో మేడం బొమ్మల కార్డులతో నేర్పారు. ఇది నవ్వు మొహం, ఇది ఏడుపు మొహం. ఇంటికి ఎవరైనా వస్తే నవ్వి దండం పెట్టాలని కూడా చెప్పారు. నేను రోజూ వల్లె వేయించాను. ఆ ఏడే మా అత్తగారు పోయింది. కడసారి చూడడానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ మా పాప, నానమ్మ తల దగ్గర నిలబడి, పళ్లన్నీ కనబడేలా నవ్వి దండం పెట్టింది. మా ఆడపడుచు దాన్ని రెక్క పట్టుకుని లోపలికి ఈడ్చుకుపోయింది. ఎందుకు తిడుతున్నారో దానికి తెలియలేదు. చెప్పినట్టే చేసింది కదా పాపం.

సంగతి తెలిసి మర్నాడే మేడం వచ్చారు. ఆటో దొరక్క పామాయిల్ గెలల ట్రాక్టరెక్కి, చీరంతా దుమ్ముతో దిగారు. నేరుగా మా ఆడపడుచు ముందుకెళ్లి చేతులు జోడించారు.

"తప్పు పిల్లది కాదమ్మా, నాది. నవ్వుడు నేర్పిన గానీ ఎప్పుడు నవ్వాల్నో నేర్పలే."

మా ఆడపడుచు కుర్చీ వేసింది. మేడం నన్ను మాత్రం పక్కకు పిలిచి గట్టిగానే అడిగారు.

"నువ్వు ఏడ్సినవా?"

"పాప ముందు ఏడ్వలే మేడం. బెదురుతదని నవ్వుకుంటనే ఉన్న."

"గట్లెట్ల చేస్తవమ్మా? నువ్వు దాస్తే దానికేడ దొరుకుతది?"

తర్వాతి మంగళవారం నుంచి కార్డులు లేవు. నాలుగు స్టీలు గిన్నెలు, డబ్బా నిండా చింతగింజలు. ఒక గిన్నె సంతోషానిది, ఒకటి కోపానిది, ఒకటి భయానిది, ఒకటి బాధది. గదిలోకి రాగానే, మనకెలా ఉందో ఆ గిన్నెలో గింజ వేయాలి. తల్లులకూ తప్పదు. మొదటి గింజ మాత్రం ఎప్పుడూ మేడందే. "ఇయ్యాల నాకు కోపమొచ్చింది. నేను చెయ్యెత్తినా డ్రైవర్ బస్సు ఆపకుండ పోయిండు" అంటూ టంగుమని వేసేవారు. పిల్లలు తన మొహం వైపు చూసేదాకా అలాగే కూర్చునేవారు.

మా పాప ఈ మూడేళ్లూ గింజను సంతోషం గిన్నెలోనే వేసింది, ఒళ్లు కాలిపోయే జ్వరంలో కూడా. నేను విసుక్కుంటే "ఉండనియ్. దాని గింజ, దానిష్టం" అనేవారు. ఆ ఓపిక చూస్తే నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు ఆ ఓపిక కోసమే ప్రాణం కొట్టుకుంటోంది.

వారం తిరిగాక, మొన్న మంగళవారం గది ఖాళీ చేయడానికి తల్లులందరం వెళ్లాం. ఇక దాచలేక దారిలో పాపకు చెప్పేశాను. "మేడం చనిపోయింది బిడ్డా. ఇంక రాదు."

"అవ్" అంది, ట్రాక్టర్లను చూస్తూ. అంతే. ఆవిడ పడ్డ కష్టమంతా వృథాయేనా అనిపించింది.

గదిలో పాప గూట్లోంచి గిన్నెలు దించి వరసగా పెట్టింది. డబ్బా ముందేసుకుని, మేడం కూర్చునే చోటుకు ఎదురుగా కూర్చుంది. చాలాసేపు ఆగింది. మొదటి గింజ మేడందే కదా. చివరికి తనే ఒకటి తీసి, బాధ గిన్నెలో వేసింది.

అలవాటు కొద్దీ నవ్వబోయాను. పాప తలెత్తి నా మొహంలోకి చూసింది. ఇంకో గింజ తీసి అదే గిన్నెలో వేసి, "ఇది నీది" అంది.

అప్పుడు ఏడ్చాను, పాప ముందే, ఏమీ దాచుకోకుండా.

గిన్నెలు మా ఇంటికే తెచ్చుకున్నాం. తిరుగు బస్సులో పాప కిటికీ పక్కన కూర్చుంది. దాని పిడికిట్లో మూడో గింజ ఉంది. అది మేడందట, ఏ గిన్నెలో వేయాలో మేడమే చెప్పాలట. ఎదురొచ్చే ప్రతి బస్సు కిటికీల్లోకీ చూస్తూ, ఇల్లు చేరేదాకా ఆ పిడికిలి విప్పలేదు.