ఇంజిన్ మీద స్టే

ఖయేగా సంతలో లిహండా ఎవరని అడిగితే ఎవరూ వెంటనే చెప్పలేరు. ఇంజిన్ గలాయన అంటే మాత్రం చిన్నపిల్లలు కూడా దారి చూపిస్తారు. ఇంజిన్ అంటే ఎద్దు. నల్లటిది, మెడే మనిషి నడుమంత లావు. ఎద్దుల పోట్లాటలు జరిగే మలిన్యా మైదానంలో దానితో కొమ్ము కలిపిన ఎద్దు ఏదీ నిలబడలేదు. శనివారం పొద్దున అది పోటీకి బయల్దేరితే ముందు ఇసుకుటి డప్పులు, వెనక ఊరు, మధ్యలో లిహండా. వారమంతా సంతలో సైకిళ్ళకు పంక్చర్లు వేసుకునే మనిషి ఆ ఒక్క పూటా రాజు.

అయితే ఇంజిన్ తల్లి లిహండాది కాదు, పెదనాన్న కొడుకు ముహాతిది. అక్కడ ఎవరూ తమ ఆవులన్నిటినీ ఒకే కొట్టంలో కట్టుకోరు. జబ్బొచ్చినా దొంగలొచ్చినా అన్నీ ఒక్కసారే పోకుండా ఒకటో రెండో చుట్టాల దగ్గర ఉంచుతారు. అలా ముహాతి ఇతని దగ్గర ఉంచిన ఆవు ఈనుతూ చచ్చిపోయింది. దూడకి లిహండా సీసాతో పాలు పట్టి, తన దుప్పటి కప్పి బతికించాడు. కాకమేగాలో ఇనుప సామాన్ల కొట్టు నడిపే ముహాతి అప్పుడు దాని మొహం కూడా చూడలేదు. అది పెరిగి పెద్దదై మలిన్యాలో నెగ్గి, డప్పులవాళ్ళు లిహండా మీద పాట కట్టాక మాత్రం ఆయనకి తన ఆవు గుర్తొచ్చింది.

కేసు వేశాడు. ఆవు ఎవరిదో దూడా వాళ్ళదే అన్నాడు మేజిస్ట్రేటు. అది తప్పు తీర్పని లిహండాకి కూడా అనిపించలేదు. అదే అసలు బాధ. ముహాతికి కావలసింది ఎద్దు కాదు, డప్పులు. దాని ఒంట్లో సత్తువ ఉన్నంతకాలం పోటీలకి తోలతాడు, ఒకరోజు పొట్టలో కొమ్ము దిగాక కసాయికి తోలతాడు. ఆ సంగతి తలుచుకుని లిహండా ఊరుకోలేకపోయాడు.

లాయరమ్మ అముతావి దగ్గరికి వెళ్ళాడు. అప్పీలు వేసినంత మాత్రాన తీర్పు ఆగదనీ, ఎద్దుని తోలుకుపోకుండా ఆపాలంటే విడిగా స్టే అడగాలనీ ఆమె చెప్పింది. అప్పీలు నెగ్గుతామా అంటే అనుమానమే అంది.

"ఎన్నాళ్ళు నడుస్తుంది?" అన్నాడు.

"కొత్త సంవత్సరం దాటుతుంది."

"చాలు."

నెగ్గనక్కర్లేదనే కక్షిదారుని అముతావి అంతకుముందు చూడలేదు.

స్టే వచ్చింది. అప్పీలు తేలేదాకా ఎద్దు లిహండా కొట్టంలోనే ఉంటుంది. కానీ ముహాతి లాయరు ఊరుకోలేదు. ఇతను పంక్చర్లు వేసుకునేవాడు, రేపు ఓడిపోతే మా ఖర్చులు ఎవరి దగ్గర రాబట్టుకోవాలి అని అడిగాడు. మాటలో న్యాయముంది. ఆస్తి ఉన్న మనిషెవరైనా పక్షం రోజుల్లో జామీను సంతకం పెట్టాలనీ, లేకపోతే స్టే రద్దవుతుందనీ జడ్జి షరతు పెట్టాడు.

అన్నాళ్ళూ ఇంజిన్ వెనకాల గంతులేసినవాళ్ళకి ఆ పక్షం రోజులూ ఎక్కడెక్కడివో పనులు తగిలాయి. పాస్టరు ప్రార్థన చేస్తానన్నాడు. బడిపంతులికి ఉన్నట్టుండి చెవుడొచ్చింది. ఇంకెవరూ దొరక్క, ఎవరి గుమ్మం తొక్కకూడదో ఆ గుమ్మమే తొక్కాడు లిహండా. పెద్దమ్మ ఖసండికి మంచి తేయాకు తోట ఉంది. ఆవిడ ముహాతి కన్నతల్లి.

ఎలా అడిగాడో, ఏం చెప్పాడో తెలియదు. గడువు రోజున ఆవిడ పండగ గౌను వేసుకుని, తోట కాగితాలు చంకలో పెట్టుకుని కోర్టుకొచ్చింది. సంతకం పెట్టి వస్తుంటే మెట్ల మీద ముహాతి ఎదురయ్యాడు.

"అమ్మా, వాడి పక్కన నిలబడతావా నువ్వు?"

"నిలబడలేదురా, కూర్చునే పెట్టాను సంతకం. మోకాళ్ళ నొప్పులు కదా."

"వాడు ఓడిపోతే ఖర్చుల కింద నీ తోట జప్తు చేయించాలి నేను. తెలుస్తోందా?"

"చేయించు నాయనా. జవాన్లని తీసుకుని పొద్దున్నే రా. కోడిని కోస్తాను. ఖాళీ కడుపుతో తోటలు కొలవలేరు పాపం."

ముహాతి లాయరు వాళ్ళ వంక చూసి, చేతిలో కాగితాలు సర్దుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

జామీను ఉన్న మనిషి కదా, ఖసండి అప్పుడప్పుడు ఎద్దుని చూసిపోయేది. పోటీ ఎద్దుని ఒంటరిగా చీకటి కొట్టంలో కట్టాలి. ఆవుల వాసన తగలనివ్వకూడదు. మనిషి చెయ్యి కూడా ఎక్కువగా పడకూడదు. అలా అయితేనే దానికి కసి. ఆవిడ వచ్చేసరికి ఇంజిన్ ఆవుల మధ్య, ఎండలో, కళ్ళు సగం మూసుకుని పడుకుని ఉంది. లిహండా దాని చెవి వెనక గోకుతున్నాడు.

"కొట్టంలో కట్టలేదేంరా?"

"కప్పు కారుతోంది పెద్దమ్మా."

"రేకులు కొత్తవి కదా."

"కొత్తవే ఎక్కువ కారతాయి."

ఆవిడ రేకుల్ని చూసింది, ఎద్దుని చూసింది, వాణ్ణి చూసింది.

కొత్త సంవత్సరం నాటి పెద్ద పోటీకి మలిన్యా నిండిపోయింది. ముహాతి కొత్త టోపీ పెట్టుకుని, కొట్టుకొచ్చే ఖాతాదారులందరినీ వెంటేసుకొచ్చాడు. ఎద్దు తనదేననీ, ఏదో కోర్టు మాట మీద తాత్కాలికంగా తమ్ముడి దగ్గర ఉందనీ కనిపించిన ప్రతివాడికీ చెప్పాడు. డప్పులవాళ్ళకి ముందే చెప్పి పాటలో తన పేరు కూడా చేర్పించాడు. లిహండా ఆ మైదానంలో అన్నిటికంటే పెద్ద గొంతుతో తనూ ఆ పేరు అందుకుని పాడాడు.

అవతల ఎద్దు మట్టి ఎగజిమ్ముకుంటూ వచ్చింది. ఇంజిన్ దాన్ని మర్యాదగా వాసన చూసింది. కొమ్ముకి కొమ్ము ఒక్కసారి తాకింది. ఆ దెబ్బ దానికి నచ్చలేదు. వెనక్కి తిరిగి, జనాన్ని చీల్చుకుంటూ, కిందపడ్డ ముహాతి టోపీ మీదుగా పరిగెత్తి పక్కనున్న చెరకు తోటలో దూరింది. వెతికేసరికి చెరకు నములుతోంది.

అందరూ చూస్తుండగా పారిపోయిన ఎద్దుని మళ్ళీ ఎవరూ బరిలోకి దింపరు. దాని యజమాని పేరు పాటలోంచి తీసేస్తారు. వెక్కిరింపు పాటలో పెడతారు. ముహాతి పేరుతో ఆ సాయంత్రానికే ఒకటి తయారైంది.

ఆ వారంలోనే ముహాతి లాయరు అముతావికి ఫోను చేశాడు. అప్పీలుకి తాము అడ్డు చెప్పబోమనీ, ఎద్దు లిహండాదేనని రాసి సంతకం పెడతామనీ అన్నాడు. అముతావి ఆ మాట చెబితే లిహండా చాలా ఇబ్బంది పడ్డట్టు మొహం పెట్టాడు.

"అలా ఎలాగమ్మా? మేజిస్ట్రేటుగారు అన్నయ్యదే అన్నారు కదా. పెద్దవాళ్ళ మాట కాదనొచ్చా?"

అన్నయ్య మీద అంత గౌరవం ఉన్నవాణ్ణి ఒప్పించడానికి అవతలివాళ్ళు ఎవరి ఖర్చులు వాళ్ళే పెట్టుకునేందుకు, పెద్దమ్మ జామీను కొట్టేయించేందుకు కూడా ఒప్పుకోవలసి వచ్చింది. సంతకాలయ్యాక ముహాతి ఊపిరి పీల్చుకుని, తమ్ముడి వీపు తట్టి, పీడ వదిలించుకున్నవాడిలా వెళ్ళిపోయాడు.

ఖసండి మాత్రం కోర్టు మెట్ల మీద ఆగింది.

"అది తనంతట తనే పారిపోయిందంటావా?"

"నన్నడుగుతావేం పెద్దమ్మా, పరిగెత్తింది అది."

సంతలో ఇప్పుడు లిహండా పంక్చరు వేస్తుంటే, మీ ఇంజిన్‌కి బ్రేకులు వేయించావా అని అడగనివాడు పాపాత్ముడు. ఆయన నవ్వి, ట్యూబు నీళ్ళలో ముంచి బుడగలు చూసుకుంటాడు. శనివారం పొద్దున డప్పులు మరో ఎద్దుని తీసుకుని ఆ ఇంటి ముందు నుంచి వెళతాయి. అప్పుడు మాత్రం చేతిలో గడ్డిమోపు అలాగే పట్టుకుని కంచె దాకా వస్తాడు. ఆవుల మధ్య ఇంజిన్ కూడా చెవులు రిక్కిస్తుంది.

"నీకెందుకురా, అటు చూడకు," అని దాన్ని కసిరి, ఆ డప్పు వంపు తిరిగి వినపడకుండా పోయేదాకా తనే చూస్తూ నిలబడతాడు.