బంటును జరిపిందెవరు

ఆదివారం పత్రిక కమిటీ మీటింగుకు రానక్కర్లేదని మన్మథరావు ఫోనులో చెప్పినప్పుడు, జగదీశ్వరరావుకు ఆ మాటలకన్నా మాటల మధ్య ఖాళీలే ఎక్కువ వినిపించాయి.

"మామూలు మీటింగేనండీ. పోస్టు ఆలస్యాలు, కాయితం సంగతీని. ఈ ఎండలో మీకెందుకు శ్రమని," అన్నాడు మన్మథరావు.

"ఇరవయ్యెనిమిదేళ్ల నుంచి ఎండలోనే వస్తన్నాను గదండీ."

"అదే, ఆ మాటే నానంటన్నదీని," అని మన్మథరావు గబుక్కున ఫోను పెట్టేశాడు.

జగదీశ్వరరావు నర్సీపట్నం టెలిఫోన్ ఎక్స్చేంజీలో ముప్పైనాలుగేళ్లు ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. ముఖం చూసి మోసపోయిన సందర్భాలున్నాయి గాని గొంతు విని మోసపోయింది లేదని ఆయన నమ్మకం. మన్మథరావు ఏదో దాస్తున్నాడు.

మన్మథరావుకు అబీద్ సెంటరు దాటాక ఒక సందులో ప్రింటింగ్ ప్రెస్సు ఉంది. ఏడాది పొడుగునా పెళ్లి శుభలేఖలు, ఎరువుల కరపత్రాలు వేస్తాడు. నెలకోసారి మాత్రం తనకిష్టమైన పని చేస్తాడు, అది 'ఆటకట్టు' అనే చదరంగం మాసపత్రిక. శ్రీకాకుళం నుంచి రాజమండ్రి దాకా ఆరువందల పైచిలుకు ఇళ్లకు వెళ్తుంది. దాని మొదటి సంచిక నుంచీ జగదీశ్వరరావు 'ఈ నెల చిక్కు' అనే శీర్షిక రాస్తున్నాడు. పావులు పరిచిన ఒక బొమ్మ, ఇన్ని ఎత్తుల్లో ఆట కట్టించమని ఒక సవాలు, కింద అరపేజీ కబుర్లు. జవాబు పై నెలలో వస్తుంది.

ఆయనకు చదరంగం అబ్బింది కూడా ఫోనులోనే. చింతపల్లి ఎక్స్చేంజీలో మత్స్యరాజు అనే ఆపరేటరు ఉండేవాడు. కాల్స్ లేనప్పుడు ఇద్దరూ లైనులో ఎత్తులు చెప్పుకునేవారు. ఇక్కడొక బోర్డు, కొండ మీద అక్కడొక బోర్డు. నాలుగేళ్లు ఆడాక గాని ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. లంబసింగి టీకొట్టులో కలిసిన రోజు ఇద్దరికీ ఏం మాట్లాడాలో తోచక, బోర్డు పరుచుకుని ఒక ఆట ఆడి ఎవరి బస్సు వాళ్లెక్కారు. మత్స్యరాజు జ్వరమొచ్చి పోయాక, ఎత్తులు చెప్పుకోవడానికి మనిషి లేక జగదీశ్వరరావు ఒంటరిగా చిక్కులు కట్టడం మొదలుపెట్టాడు. అవే శీర్షికయ్యాయి.

ఇప్పుడాయనకు డెబ్బైరెండేళ్లు.

ఫోను పెట్టేశాక కొత్త సంచిక తీసి చూశాడు. మూడో పేజీలో ఉండాల్సిన తన శీర్షిక పదిహేడో పేజీలో ఉంది. మూడో పేజీలో ధర్మతేజ రాసిన 'ఆన్‌లైన్ ఆటలో మెళకువలు' ఉంది. అక్కడికి సంగతి కొంత అర్థమైంది అనుకున్నాడు.

ధర్మతేజ ఆయన దగ్గరే ఆట నేర్చుకున్నాడు. ఇప్పుడు సొంతంగా కోచింగ్ సెంటరు నడుపుతున్నాడు, నలభై యాభైమంది పిల్లలు. నిరుడు కమిటీలోకి వచ్చాడు. రెండు వారాల కిందట ప్రెస్సు ముందు మన్మథరావుతో టీ తాగుతూ కనబడ్డాడు. జగదీశ్వరరావు దగ్గరికి వెళ్లేసరికి ఇద్దరూ మాటలాపేసి, "రండి మాస్టారూ, టీ సెప్పమంటారా?" అన్నారు. అప్పుడు ఆ మర్యాద బాగానే అనిపించింది. ఇప్పుడు అనిపించడం లేదు.

సంచిక ముందేసుకుని, బొమ్మలో ఉన్నట్టే పావులు బోర్డు మీద పరిచాడు. తన చిక్కు తనకు కంఠతా వచ్చు కాబట్టి అచ్చులో వచ్చినదాన్ని ఆయన ఎన్నడూ పరిచి చూడలేదు. ఇదే మొదటిసారి. పరిచాక ఏదో తేడాగా ఉంది. ప్రెస్సుకిచ్చే ప్రతి కాగితానికీ కార్బన్ కాపీ దాచే అలవాటుంది. తీసి పక్కన పెట్టాడు. తన కాగితంలో చివరి నిలువు వరస నల్ల బంటు కదలకుండా ఇంటి దగ్గరే ఉంది. అచ్చులో అది ఒక గడి ముందుకు జరిగి ఉంది.

పాత సంచికలు దించాడు. సాయంత్రం దాకా చూశాడు. పధ్నాలుగు నెలల్లో తొమ్మిది బొమ్మలు మారాయి. ఒకచోట బంటు, ఒకచోట గుర్రం, ఒకచోట ఆయన పెట్టనే పెట్టని బంటు ఒకటి అదనంగా.

భార్య అప్పలలక్ష్మి టీ తెచ్చి, నేలంతా పరిచిన పత్రికలు చూసి ఆగింది.

"ఏటండీ ఇదంతాను?"

"నా పావులు ఎవలో జరుపుతన్నారు."

"టైపు సేసినప్పుడు తప్పు పడుంటాది."

"తొమ్మిదిసార్లా? ప్రతిసారీ ఒక్క పావేనా? తప్పైతే అక్కడో అక్షరం, ఇక్కడో అంకె పోవాల. ఇది తెలిసినోడి పని. బొమ్మ పాడైతే జనం నన్ను తిడతారు. తిట్టేక పీకీడం సులువు."

"ఎవలైనా తిట్టేరా మరి?"

తప్పని రాస్తూ ఒక్క ఉత్తరమూ రాలేదు. వచ్చిన ఉత్తరాలు మన్మథరావు దాచేసి ఉంటాడని సమాధానం చెప్పుకున్నాడు.

శుక్రవారం ప్రెస్సుకు వెళ్లాడు. మన్మథరావు లేడు. కంప్యూటర్ ముందు వెంకటదుర్గ ఒక్కతే ఉంది. గొలుగొండ నుంచి రోజూ బస్సులో వచ్చి పేజీలు కట్టే అమ్మాయి. ఎనిమిదేళ్లుగా ఆయన చేతిరాత చదివి, బొమ్మలు పేర్చేది ఆవిడే.

"అమ్మా దుర్గా, నా పేజీ నువ్వు కట్టేక ఎవల సేతికెళ్తాది?"

ఆమె మౌస్ మీద చెయ్యి ఆపింది. "ఎందుకండి?"

"ఊరికే."

"ప్రూఫు మన్మథరావు గారు సూస్తారండి. నిరుటి నుంచి ధర్మతేజ గారు కూడా."

"బొమ్మలు కూడానా?"

"అన్నీని," అని ఆమె తెరవైపు తిరిగిపోయింది. గొంతు వణికింది. బెదిరించి ఉంచారు పాపం అనుకున్నాడు. ఇక సందేహం లేదు.

ఆదివారం పిలవకపోయినా వెళ్లాడు. సంచిలో కార్బన్ కాపీలు, తొమ్మిది సంచికలు, మడత బోర్డు. ప్రెస్సు వెనక గదిలో ఐదుగురు కమిటీ సభ్యులున్నారు. గుమ్మంలో ఆయన్ని చూసి ధర్మతేజ మాట సగంలో ఆపేశాడు.

"కానీ తేజా. నా గురించే గదా, నా ముందే సెప్పు," అని జగదీశ్వరరావు కుర్చీ లాక్కున్నాడు.

మన్మథరావు తలవంచుకున్నాడు. ధర్మతేజ మాత్రం లేచి నిలబడి సూటిగానే చెప్పాడు. "మాస్టారూ, మీ వెనకాల మాట్లాడ్డం తప్పే. నేను ముందే మీ ఇంటికి వచ్చి చెబుతానన్నాను, వీళ్లు వద్దన్నారు. శీర్షిక ఆపేద్దామని అడిగింది నేనే. మీ చిక్కు ఫోనుకు చూపిస్తే క్షణంలో జవాబు చెప్పేస్తోంది. నా దగ్గర పిల్లలు బొమ్మ చూడగానే ఫోను తీస్తున్నారు. ఉన్నది ముప్పైరెండు పేజీలు. ఓ పేజీ వాళ్లకు పనికొచ్చేదానికి ఇద్దాం అంటున్నాను."

"పిల్లలు ఫోను తీస్తే అది చిక్కు తప్పా?" అన్నాడు మన్మథరావు మెల్లగా. "నాకు ఉత్తరాలు రాసేవాళ్లు సగం మంది ఆ పేజీ కోసమే పత్రిక విప్పుతారు."

"వాళ్లందరికీ డెబ్బై దాటాయండీ."

"దాటితే మనుషులు కారేటి?" అన్నాడు పక్కనున్న ఇంకో సభ్యుడు. అక్కణ్నుంచి తలో మాటా మొదలైంది. ఒకరు అరపేజీకి తగ్గిద్దామంటే, మరొకరు రెండు నెలలకోసారి వేద్దామన్నారు.

జగదీశ్వరరావు సంచి విప్పి కాగితాలు బల్లమీద పరిచాడు. "ఆపాలంటే ఆపండి. ముందు దీనికి జవాబు సెప్పండి. పధ్నాలుగు నెలల్లో తొమ్మిదిసార్లు నా బొమ్మలు మార్చేరు. ప్రూఫు నీ సేతిమీదుగానే ఎళ్తంది తేజా. ఆట నేర్పినోడి పరువు తియ్యాలంటే ఇంతకన్నా మంచి దారి దొరకలేదా నీకు?"

ధర్మతేజ బల్ల దగ్గరికి వచ్చాడు. కాగితం, సంచిక పక్కపక్కన పెట్టుకుని చూశాడు. ఫోను తీసి, కాగితంలో ఉన్న బొమ్మను అందులో పేర్చాడు. కాసేపటికి రెండో కాగితం తీశాడు. తర్వాత మూడోది. మూడోది చూశాక ఫోను బోర్లించి పెట్టేశాడు.

"ఏటయ్యింది?" అన్నాడు మన్మథరావు.

"నేను మార్చలేదు మాస్టారూ. మారినట్టు కూడా నాకు తెలీదు." ఆగి, కష్టంగా అన్నాడు. "మొదటిదాన్ని మీరు రాసినట్టే వేసుంటే రెండు జవాబులు వచ్చేవి. రెండోదాంట్లో నల్ల రాజు తప్పించుకుపోతాడు, ఆట కట్టదు. మూడోదీ అంతే. మార్చినవాళ్లు దిద్దారు మాస్టారూ. పాడు చెయ్యలేదు."

చిక్కుకు ఒకటే జవాబుండాలి. రెండుంటే అది పనికిరాదు, అసలు లేకపోతే అది అబద్ధం. ఇరవయ్యెనిమిదేళ్లుగా పాఠకులకు ఆయనే చెబుతున్న సంగతి అది. జగదీశ్వరరావు ఫోనును నమ్మలేదు. మడత బోర్డు విప్పి, మొదటి కాగితం ప్రకారం తనే పావులు పరిచాడు. అందరూ చూస్తుండగా చాలాసేపు చూశాడు. రెండో దారి కనబడింది. అది దాక్కునేమీ లేదు, ఎదురుగానే ఉంది. ఇది తనకెలా కనబడలేదో తెలియలేదు. కట్టేటప్పుడు మూడుసార్లు సరిచూసుకున్నట్టు జ్ఞాపకం. నిజంగా చూసుకున్నాడా, చూసుకున్నాననుకున్నాడా అన్నది కూడా ఇప్పుడు గట్టిగా చెప్పలేకపోయాడు.

"మరెవలు?" అన్నాడు.

ముందుగదిలోంచి వెంకటదుర్గ వచ్చి గుమ్మం పక్కన నిలబడింది. "నానేనండి."

మన్మథరావు కుర్చీ ఆమెవైపు తిప్పుకున్నాడు.

"మొదట్లో మీ జవాబు సరిగ్గా టైపు సేసేనో లేదో సూసుకోడానికని తెరమీద పావులు జరిపి సూసేదాన్నండి. అలగే ఆట తెలిసింది. నిరుడు ఓ నెల మీ జవాబు కుదరలేదు. నాకే రాలేదేమోనని ఇంటికాడ మల్లీ పేర్చి సూసేను. ఒక బంటు జరిపితే సరిపోయింది. సెప్తే మీకు కోపమొస్తాదని, ఈళ్లకి తెలిస్తే పేజీ తీసేస్తారని సెప్పలేదు."

"తీసేస్తే నీకేటి?"

"ఈ ప్రెస్సులో నాను ఇష్టంగా కట్టీది ఆ పేజీ ఒక్కటేనండి."

ఆయనకు నమ్మబుద్ధి కాలేదు. ధర్మతేజను కాయడానికి ఈ అమ్మాయి చేత చెప్పిస్తున్నారేమో అన్న అనుమానం అప్పటికీ ఉంది. జేబులోంచి వచ్చే నెలకని రాసిన కాగితం తీశాడు. ఇంకా ఎవరికీ చూపించనిది. దాని ప్రకారం పావులు పరిచి, "ఫోను లేకుండా సెప్పు. మూడు ఎత్తులు," అన్నాడు.

వెంకటదుర్గ కూర్చోలేదు. బల్ల అంచు పట్టుకుని వంగి చూసింది. ఎవరో టీలు తెచ్చారు, ఎవరూ ముట్టుకోలేదు. పదినిమిషాలకు ఆమె ఏనుగు కదిపింది, ఆయన రాజును జరిపాడు. ఆమె గుర్రం పట్టుకుని, వదిలేసి, తల అడ్డంగా ఊపింది.

"మీరు రాసిన జవాబు ఇదేనేమోనండి. కానీ రాజు ఇటుపక్కకి రాకుండా అటెళ్తే ఆట కట్టదు." వేలుతో ఒక గడి చూపించింది. "ఇక్కడొక బంటుండాల."

ఆయన ఆ గడివైపు చూశాడు. అక్కడొక బంటుండాలి. జగదీశ్వరరావు మెల్లగా పావులు ఏరి సంచిలో వేసుకున్నాడు.

"ఓటేసుకోండి. నాను బయటుంటాను," అన్నాడు.

వీధిలో నిలబడి ఉండగా లెక్క తేలింది. ముగ్గురు ఆపమన్నారు, ఇద్దరు వద్దన్నారు. ఆపమన్నవాళ్లలో మన్మథరావు ఉన్నాడు, వద్దన్నవాళ్లలో ధర్మతేజ ఉన్నాడు. ఆ సంగతి మన్మథరావే వచ్చి, కళ్లనిండా నీళ్లతో చెప్పాడు. "తప్పుల్తో మీ పేరెయ్యలేనండీ. ఆ అమ్మాయి సేత దిద్దించి ఎయ్యమంటాడు తేజ, అలగ మీ పేరుతో ఎయ్యడమూ నాయం కాదు." ఆ మాటలో దాపరికమేమీ వినబడలేదు. వినబడితే బాగుండునని ఆయనకనిపించింది. ఇంటికెళ్లి సంచి అటకమీద పెట్టించాడు. ధర్మతేజ రెండుసార్లు వచ్చాడు. మొదటిసారి పడుకున్నానని చెప్పించాడు. రెండోసారి తలుపు తీసి, "తప్పు మాటన్నాను తేజా," అని మాత్రం అన్నాడు.

రెండు నెలలు బోర్డు ముట్టుకోలేదు. తర్వాత ఒక ఆదివారం వెంకటదుర్గ ఒక కాగితం పట్టుకుని ఇంటికొచ్చింది. జనవరి నుంచి ఆమె పేరుతో కొత్త శీర్షిక వస్తుందట.

"సూసి పెడతారనొచ్చేనండి."

"మన్మథరావు పంపేడా? ముసలాయన బాధపడతన్నాడు, ఎల్లి ఓదార్చమని?"

"ఆయనకి తెలీదండి. తెలిస్తే ఊరుకోరేమో కూడాని."

అటకమీంచి సంచి దింపమని అప్పలలక్ష్మికి చెప్పాడు. తప్పు పట్టుకోవాలనే కూర్చున్నాడు, దాచుకోవడమెందుకు. పదింటికి మొదలుపెట్టి భోజనాల వేళ దాకా అటూ ఇటూ తిప్పి చూశాడు. తప్పు దొరకలేదు. కానీ అంచున ఒక తెల్ల బంటు ఊరికే నిలబడి ఉంది.

"ఇది దేనికి?"

"ఆ అంచు బోసిగా ఉందనండి."

"పని లేని పావు ఉంచకూడదమ్మా. తీసీ."

ఆమె తీసేసింది. అప్పలలక్ష్మి ముగ్గురికీ వడ్డించింది. నెలకోసారి అలాగే సాగింది. ఒక నెల ఆయన ఏదో ఒకటి పట్టుకునేవాడు, ఒక నెల ఏమీ దొరక్క చిరాగ్గా ఉండేవాడు.

మార్చిలో రావికమతం నుంచి పత్రికకు ఒక పాత పాఠకుడి ఉత్తరం వచ్చింది. ఈ వెంకటదుర్గ అనే ఆవిడ అసలు లేదని, తీసేశారన్న కోపంతో జగదీశ్వరరావే ఆడపేరు పెట్టుకుని రాస్తున్నాడని, ఆ పనితనం తనకు తెలుసుననీ రాశాడు. మన్మథరావు నవ్వుకుంటూ దాన్ని జవాబు కోసం ఆయనకే పంపాడు. జగదీశ్వరరావు రెండుసార్లు చదివి, ఒక కార్డు తీసి రాశాడు.

"అయ్యా, మీ అనుమానం నాకు గౌరవమే గాని నిజం కాదు. ఆ అమ్మాయి మా ప్రెస్సులోనే పని చేస్తుంది. వచ్చే ఆదివారం వచ్చి ఒక ఆట ఆడి చూసుకోండి. బోర్డు నేను తెస్తాను."