విల్ఫ్ గుర్రపుదళం దాగిన చోటు

కీత్లీ ఊళ్లో ముప్పై ఏళ్లు ఉత్తరాలు పంచిన విల్ఫ్ సగ్డెన్‌కు ఆదివారం మధ్యాహ్నమంటే చర్చి హాల్లో యుద్ధాల ఆటే. పొడవాటి బల్లమీద కొండలు, వాగులు, వేలెడేసి బొమ్మ సైనికులు. ఎదుటి సైన్యం స్నేహితుడు నోరిస్‌ది. ఒక్కో యుద్ధం నెలల తరబడి సాగేది. సాయంత్రానికి బొమ్మలన్నీ పెట్టెల్లో సర్దెయ్యాలి కాబట్టి, ఏ దళం ఎక్కణ్ణుంచి ఎక్కడికి కదిలిందో పటంమీద గుర్తుపెట్టే పని ఎనిడ్ చేసేది. ఒకప్పుడు బస్సు డిపోలో రూట్లు గీసిన మనిషామె. నోరిస్‌కు తెలియకుండా విల్ఫ్ అడవిలో దాచిన గుర్రపుదళం ఆమె పటంలో మాత్రమే కనిపించేది.

ఒక ఏడాది మార్చిలో విల్ఫ్‌కు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. ఐదు నెలల తర్వాత చేతికర్రతో హాల్లోకి వచ్చేసరికి బల్లమీద పాత యుద్ధమే పరిచి ఉంది.

"ఇంకా అవలేదా?" అన్నాడు.

"నువ్వు లేకుండా ఎవడితో ఆడమంటావురా? ఒక్కణ్ణే ఆడి గెలిచానంటే మా ఆవిడ కూడా నమ్మదు," అన్నాడు నోరిస్.

విల్ఫ్ చాలాసేపు బల్లవైపు చూశాడు. తన సైన్యం ఎటు పోతోందో, ఎందుకు పోతోందో ఒక్కటీ గుర్తులేదు. సిగ్గేసింది.

"నాకేం తెలీట్లేదు ఎనిడ్. ఇంటికెళ్తాను."

"కూర్చో. టీ చల్లారిపోతుంది."

ఆమె అతణ్ణి పక్కగదిలో కూర్చోబెట్టి పటం విప్పింది. నీలం పెన్సిల్ బాణాలు, వాటి పక్కన తేదీలు. "ఇది జనవరి, మంచు పడిన వారం. వంతెన దాటకపోతే బాగుండుననుకున్నా. నువ్వు దాటేశావు." ఆమె వేలు బాణాల వెంట నడిచి అడవి దగ్గర ఆగింది. విల్ఫ్ మొహం విప్పారింది.

"వెనకనుంచి కొడదామని దాచాను వీళ్లని."

"హమ్మయ్య. నోరిస్ ఐదు నెలలు బిస్కెట్లు తినిపించి నీ ఎత్తేమిటని అడిగాడు. నేను నోరు విప్పలేదు."

చివరికి ఆ యుద్ధంలో విల్ఫే ఓడాడు. ఓడిన రోజు మాత్రం రెండు కేకు ముక్కలు తిన్నాడు. ఆ తర్వాతి వారం ఎనిడ్ అతని ఎడమచేతిలో పెన్సిల్ పెట్టింది. "నాకు కళ్లు ఆనడం లేదు. ఇకమీదట బాణాలు నువ్వు గియ్యి." మొదట్లో అవి వానపాముల్లా మెలికలు తిరిగేవి. ఏడాదికి తిన్నగా వచ్చాయి. అదే చేత్తో కూతురికి పుట్టినరోజు కార్డు రాశాడు.

ఎనిడ్ కళ్లు నిక్షేపంగా ఉన్నాయని నోరిస్ తర్వాతెప్పుడో నోరు జారాడు. విల్ఫ్ ఆ మాట ఆమె దగ్గర ఎత్తలేదు. మనసు నిండిపోయి, ఆ ఆదివారం అందరికంటే ముందే వెళ్లి ఆమె కుర్చీ కిటికీ వెలుతురుకు జరిపి ఉంచాడు.